గోడ లేని బావి

ఇది సముద్రం కథ. ఇందులో ప్రాణాపాయంలో చిక్కిన మొనగాడున్నాడు. అతని కోసం నడిసముద్రంలోకి దూకిన పడుచుపిల్ల ఉంది. ఒడ్డున కన్నతల్లి ఉంది. పద్దెనిమిది పర్వాలుగా రాసి, ఒక్కో పర్వానికి ఒక్కో కొబ్బరికాయ కొట్టదగిన కథ.

కానీ నిజం చెప్పాలి కదా. ఆ రోజు అలలు మోకాలెత్తు కూడా లేవలేదు. మొనగాడు మా మేనమామ. పడుచుపిల్ల మా అక్క. ఆమె దూకలేదు, నడుచుకుంటూ వెళ్లింది. నడిసముద్రం అన్నది ఒడ్డు నుంచి కేక వేస్తే వినబడేంత దూరం. కన్నతల్లి ఆ సమయంలో ఏం చేస్తున్నదో తర్వాత చెబుతాను, ఇప్పుడే చెబితే నమ్మరు. మొత్తం వ్యవహారం కుండెడు అన్నం ఉడికేంత సేపు కూడా పట్టలేదు.

ఇదంతా మా మనవరాలి వల్ల గుర్తుకొచ్చింది. హన్మకొండలో దాన్ని ఈత నేర్చుకోవడానికి చేర్పించారు. కళ్లకు అద్దాలు, తలకు రబ్బరు టోపీ పెట్టుకుని నా ముందు నిలబడి అడిగింది.

"తాతా, నీకు ఈత వస్తదా?"

"వస్తదా అని అడుగుతానవా? సముద్రంల మునిగేటోణ్ని బయటికి గుంజినం మేము."

"వరంగల్ల సముద్రం ఏడున్నది తాతా?"

న్యాయమైన ప్రశ్నే. వరంగల్లులో సముద్రం లేదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

మా కొత్తవాడలో అప్పుడు ఇంటింటికీ మగ్గం ఉండేది. జంపఖానాలు నేసేవాళ్లం. గంజి, రంగు బానలు, తడి నూలు, ఈ మూడింటి వాసనా కలిసి వీధిలో ముద్దలాగా నిలబడి ఉండేది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు ముక్కులు మూసుకునేవాళ్లు. మాకు మాత్రం ఆ వాసన లేని చోట అన్నం సహించేది కాదు. ఇనుప పంజాతో నూలు బిగించే దబదబ చప్పుడు తెల్లారి మొదలైతే పొద్దుగూకే దాకా ఆగేది కాదు. ఎప్పుడన్నా మధ్యలో ఆగితే మా అమ్మమ్మ బయటికి వచ్చి, "ఎవలన్న పోయిన్రా?" అని అడిగేది.

వాడ దాటితే చేన్లలో ఒక మోటబావి. గుండ్రంగా, రాతికట్టుతో, ఒక పక్క మెట్లతో ఉండేది. వాడకట్టు పిల్లలందరికీ అక్కడ ఈత నేర్పిన గురువు మా మామ. అమ్మమ్మకు ఒక్కగానొక్క కొడుకు. అప్పటికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయేమో. ఆయన పద్ధతి చాలా సులువైనది. ఎండిన సొరకాయ బుర్రను పిల్లవాడి వీపుకు కట్టి, వెనక నుంచి ఒక్క తోపు తోసేవాడు. ఆ తర్వాత చదువంతా కేకలతోనే.

"కాళ్లు కొట్టు గాడిదా! మొఖం మీదికి లేపు గాడిదా!"

ఆయన శిష్యులందరిదీ ఒకటే పేరు.

మామ స్వయంగా ఈదితే చూడ్డానికి రెండు కళ్లూ చాలేవి కావు. బావి అంచు వెంబడి, ఎప్పుడూ ఎడమవైపుకే తిరిగేవాడు. పది బారలు వేసి, చెయ్యి గాలిలోకి ఎత్తి, గోడరాయి మీద ఫట్టున చరిచేవాడు. మళ్లీ పది బారలు, మళ్లీ చరుపు. చుట్టుకు నాలుగు చరుపులు. మేము మెట్ల మీద కూర్చుని లెక్కపెడుతూ చప్పట్లు కొట్టేవాళ్లం. నలభై చుట్లు తిరిగిన రోజున వాడకట్టులో ఆయన పేరు ములుగు అడవుల దాకా పాకిందని మేము నమ్మాం. ములుగువాళ్లకు ఈ సంగతి తెలుసో లేదో మేము కనుక్కోలేదు.

ఆ బావికి ఒక రహస్యం ఉండేది. చీకటితోనే, మగవాళ్లు లేవకముందే, మామ మా అక్కకు కూడా ఈత నేర్పాడు. అక్కకు అప్పుడు పదిహేనేళ్లు. ఆడపిల్ల బావిలో ఈదిందని తెలిస్తే మా అమ్మ ముందు ఆ పిల్లను, తర్వాత తన తమ్ముణ్ని, ఆ తర్వాత బావిని పూడ్చేసేది. గట్టు మీద కాపలా నాది. దానికి కూలి రోజుకో బెల్లంముక్క. పెద్దముక్క ఇచ్చిన రోజున నా నోరు మరింత గట్టిగా మూసుకుని ఉండేది.

ఇక సముద్రం ఎందుకొచ్చిందంటే, మొక్కు వల్ల. మామకు చిన్నప్పుడు విషజ్వరం వచ్చి ఇరవై రోజులు కళ్లు తెరవలేదట. పిల్లవాడు బతికితే మాఘ పున్నానికి సముద్రస్నానం చేయిస్తానని అమ్మమ్మ మొక్కుకుంది. పిల్లవాడు బతికాడు, మీసాలు కూడా వచ్చాయి, మొక్కు మాత్రం మిగిలిపోయింది. ఆ ఏడు ఆమెకు వరసగా మూడుసార్లు కలలో నీళ్లు కనబడ్డాయి. దాంతో బందరు ప్రయాణం ఖాయమైంది.

అప్పటికి మా వీధిలో ఎవరూ సముద్రాన్ని చూసింది లేదు. అందువల్ల అందరికీ దాని గురించి బాగా తెలుసు. రాత్రి అన్నాలయ్యాక అరుగుల మీద చర్చ జరిగేది.

"గదెంత ఉంటది? మన పెద్దచెర్వులు రెండు కలిపితే గంతే," అన్నాడు ఎదురింటి తాత.

"అవుతలి ఒడ్డు కనవడదట కదనే?" అని అమ్మమ్మ సందేహం.

"నీకు ఇప్పుడు ఇవుతలి ఒడ్డే కనవడ్తలేదు. అవుతలి ఒడ్డు ముచ్చట నీకెందుకే ముసల్దానా?"

మామ మాత్రం నిబ్బరంగా మీసం దువ్వుకున్నాడు. "నీళ్లు నీళ్లే కదనే అవ్వా. బావిల ఈదినోనికి సముద్రం ఓ లెక్కనా? జర పెద్ద బావి, గంతే."

మగ్గం మీద పని ఉందని నాయిన రానన్నాడు. అమ్మమ్మ, అమ్మ, మామ, అక్క, నేను, మా పెదనాయన కొడుకు అన్న, వీధిలోంచి మరో ఇద్దరు ఆడవాళ్లు బయలుదేరాం. అన్నకు పద్దెనిమిదేళ్లు, భారీ మనిషి. ఈత రాదు. మామ బావిలోకి తోస్తే సొరకాయను కూడా తనతోపాటు ముంచిన ఘనత వాడకట్టులో ఆయన ఒక్కడిదే.

మూటల్లో జొన్నరొట్టెలు, ఎల్లిగడ్డ కారం, సర్వపిండి, మలీద ముద్దలు. వీటన్నిటికంటే బరువు మా చేంతాడు. అమ్మమ్మ తన బిందెతో, తన తాడుతో చేదిన నీళ్లు తప్ప తాగదు. మా వైపు బావుల్లో నీళ్లు పాతాళంలో ఉంటాయి కాబట్టి తాడు నలభై మూరలు. మగ్గాల మీద మిగిలిన నూలు పేని నాయిన స్వయంగా చేసిచ్చిన తాడు. అప్పటికి మాదీ బందరుదీ వేర్వేరు రాజ్యాలు. సరిహద్దు దగ్గర రైలు ఆపి మూటలు వెతికిన జవాను ఆ తాడును లాగాడు, లాగాడు, అది రావడం ఆగలేదు. చివరికి అలసిపోయి, "తాడు మంచిగనే ఉన్నది. బావిని యాడ పెట్టిన్రు?" అని అడిగాడు.

"ఆడ ఉంటది కదా నాయినా," అంది అమ్మమ్మ వినయంగా.

బందరులో బావి చూసి ఆమె మొదటిసారి దిగులుపడింది. ఆరు మూరల కింద నీళ్లు! వంగితే అందేట్టున్నాయి. నీళ్లు తోడుకుంటున్న ఆ ఊరి అమ్మాయి మా తాడు చూసి కిసుక్కున నవ్వింది. "అంత తాడేంటమ్మా, ఏనుగును కట్టేస్తారా?" అమ్మమ్మ ఆరు మూరలు బావిలోకి వదిలి, మిగిలిన ముప్పై నాలుగు మూరలనూ భుజాన వేసుకుని మర్యాదగా బిందె నింపుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆ బిందె, ఆ తాడు కూడా వేసుకుని ఎడ్లబండిలో సముద్రానికి వెళ్లాం. మొదట వాసన వచ్చింది, తడి నూలును ఉప్పులో ఊరబెట్టినట్టు. తర్వాత హోరు. ఆ తర్వాత అది కనబడింది. ఎదురింటి తాత చెప్పిన లెక్కలో రెండు చెరువులు ఎక్కడ తప్పాయో తేల్చుకోలేక అన్న నోరు తెరిచి నిలబడిపోయాడు. తెరిచిన నోరు చూస్తే ఊరుకోలేని వయసు నాది. దోసిలితో నీళ్లు పట్టుకొచ్చి, "అన్నా, తియ్యగున్నయే, కొబ్బరినీళ్ల లెక్క," అన్నాను. నమ్మి గడగడా తాగాడు. తర్వాత నా వెంటపడి తరిమిన ఆ పరుగే ఆ రోజు ఆయన చేసిన మొదటి వ్యాయామం.

మాఘ పున్నమి కదా, ఒడ్డంతా జనం. ఆ జనంలో తడిబట్టలతో ఎట్లా నిలబడాలని అమ్మమ్మ బాధ. కొంచెం దూరం నడిస్తే, ఒక చిన్న నీటిపాయ సముద్రంలో కలిసేచోట ఒక్క మనిషి కూడా లేడు. నీళ్లు కూడా నిమ్మళంగా, అలలు లేకుండా ఉన్నాయి.

"ఇంత మంచి జాగ వదిలిపెట్టి అందరు గక్కడ గుమిగూడిన్రు. వీళ్లకు అకల్ లేదే," అన్నాడు అన్న.

మేమంతా ఒప్పుకున్నాం. ఇంతమంది ఇన్నేళ్లుగా ఆ చోటు ఎందుకు వదిలేశారో ఆలోచించాలన్న అకల్ మాకు లేదు.

అమ్మమ్మ, అమ్మ, తోడొచ్చిన ఇద్దరూ ఒడ్డునే కూర్చుని చెంబులతో స్నానం కానిచ్చారు. మామ పంచె బిగించి, దూకడానికి గోడ కోసం అటూ ఇటూ చూశాడు. గోడ లేదు. మెట్లు కూడా లేవు. చివరికి పరుగెత్తుకెళ్లి మోకాటిలోతు నీళ్లలోనే దూకాడు. గడ్డం ఇసుకకు గీరుకుంది. లేచి, ఇదంతా అనుకునే చేసినట్టు మూతి తుడుచుకున్నాడు. అక్కడే మూడు మునకలు వేసి ఉంటే మొక్కు తీరేది, నాకు ఈ కథ దక్కేది కాదు.

"అవ్వా, రెండు చుట్లు తిరిగొస్త."

దేని చుట్టూ తిరుగుతాడని ఎవరమూ అడగలేదు.

నాలుగు బారలు వేశాడో లేదో, బాణంలా దూసుకుపోయాడు. "అబ్బ, మామ ఏం జోరుగ పోతాండురా!" అన్నాడు అన్న. పది బారలయ్యాయి. మామ చెయ్యి గాలిలోకి లేచింది. ఫట్టున నీళ్ల మీద పడింది. మేము అలవాటు ప్రకారం చప్పట్లు కొట్టి "ఒకటీ!" అని అరిచాం. మళ్లీ చెయ్యి లేచింది. "రెండూ!" ఇందాక తర్వాత చెబుతానన్నది ఇదే: అమ్మమ్మ కూడా చప్పట్లు కొట్టింది. పక్కనున్న ఆడమనిషికి చూపించి, "నా కొడుకు," అంది.

"మూడూ!" "నాలుగూ!"

ఐదోసారి అక్క చప్పట్లు కొట్టలేదు.

"మామ ఆట ఆడుతలేడురా. గోడ కోసం దేవులాడుతాండు."

"ఏ గోడ?"

"అదేరా. లేదు."

అప్పుడు నాకు తట్టింది. మామకు నలభై చుట్ల ఈత రాదు. పది బారల ఈత వచ్చు, అదే నూట అరవై సార్లు. పదకొండో బార ఆయన జీవితంలో ఎప్పుడూ వేయలేదు. అలసినప్పుడల్లా చేతికి ఒక రాయి తగిలేది. ఇప్పుడు ఆ చెయ్యి గాలిలో రాయిని వెతుకుతోంది. మేము ఒడ్డున కూర్చుని లెక్కపెడుతున్నాం.

అక్క ముందు అమ్మ వైపు చూసింది. తర్వాత నీళ్ల వైపు చూసింది. ఆ రెండు చూపుల మధ్య ఆమె ఎంత ఆలోచించిందో నాకు తెలియదు గానీ, ఎక్కువసేపు ఆలోచించలేదు. ఓణీ నడుముకు బిగించి, చేంతాడు కొస దాని మీద కట్టుకుంది. బిందె ఎత్తి నీళ్లన్నీ ఇసుకలో ఒంపింది.

"నీళ్లు పారబోస్తానవేందే! ఇగ దినమంత ఏం తాగాలె!" అని అమ్మమ్మ కేక. ఆమెకు అప్పటికి తెలిసిన ప్రమాదం అదొక్కటే.

అక్క ఛాతీలోతు దాకా నడిచి, బిందెను నీళ్ల మీద బోర్లించి, దాని మీద రొమ్ము ఆనించి కాళ్లు కొట్టడం మొదలుపెట్టింది. తాడు మధ్యలో పట్టుకుని నేను నడుములోతులో నిలబడ్డాను. చివరి కొస ఒడ్డున అన్న చేతిలో ఉంది. నలభై మూరలు సరిపోతే బాగుండేది. సరిపోలేదు. అన్న తన తలరుమాలు విప్పి ముడివేశాడు. అదీ చాలలేదు. ఒక్క క్షణం దిక్కులు చూసి పంచె కూడా విప్పి ముడివేశాడు. ఆయన ఆ రోజు చూపిన ధైర్యాన్ని ఎవరూ గుర్తించలేదు. చూడకుండా ఉండటమే మర్యాద అనుకున్నారు.

నేను ఇట్లా నవ్వుతూ చెబుతున్నాను. కానీ తాడు నా అరచేతుల్లోంచి జారిపోతుంటే ఎదురుగా అక్క తల కనబడటం మానేసింది. ఎండ, నీళ్ల తళుకు, ఏమీ కనబడదు. తాడు మాత్రం లాగుతోంది. అది అక్కో, సముద్రమో తెలియదు. బెల్లంముక్కలు తిని నోరు మూసుకోకుండా అమ్మకు అప్పుడే చెప్పి ఉంటే, అక్కకు ఈత వచ్చేదీ కాదు, ఇప్పుడు అక్కడ ఉండేదీ కాదు అనుకున్నాను. అప్పుడు నాకు ఒక్క హాస్యం కూడా తోచలేదు.

అప్పుడు వినబడింది.

"మామా, బిందె పట్టుకో! మామా!"

మామ పట్టుకోలేదు. మునిగేవాడికి ఏం వినబడుతుంది? బిందెను వదిలి అక్క భుజం కోసం చెయ్యి చాపుతున్నాడు. మునిగేవాడి చేతికి చిక్కొద్దని మాకు నేర్పింది ఆయనే. అక్క వెనక్కి జరిగి, గొంతు చించుకుని అరిచింది.

"కాళ్లు కొట్టు గాడిదా! మొఖం మీదికి లేపు గాడిదా! పట్టు బిందె!"

మామా అంటే వినని మనిషి గాడిదా అంటే విన్నాడు. కాళ్లు కొట్టాడు, మొఖం పైకెత్తాడు, రెండు చేతులతో బిందెను కౌగిలించుకున్నాడు.

"గుంజున్రీ!"

అప్పటికి ఒడ్డున అందరికీ అర్థమైంది. అమ్మ, ఆ ఇద్దరు ఆడవాళ్లు, గోచీతో అన్న, వాళ్లందరి వెనక అమ్మమ్మ తాడు అందుకున్నారు. వీధిలో పడుగు నూలు సాగదీసేటప్పుడు అందరూ ఒక్కపట్టున గుంజడానికి పెట్టే కేక ఉంటుంది. అమ్మ ఆ కేక పెట్టింది. "ఓ... హోయ్!" కొత్తవాడ మొత్తం పడుగు సాగినట్టు తాడు సాగింది. నాయిన పేనిన నూలు తెగలేదు. అన్న పంచె మాత్రం చిరిగే చప్పుడు నాకు నీళ్లలోకి కూడా వినబడింది.

మామను ఒడ్డుకు లాగి బోర్లా పడుకోబెట్టాం. సముద్రపు నీళ్లు, వాటితోపాటు పొద్దున తిన్న రెండు మలీద ముద్దలు బయటికొచ్చాయి. అమ్మమ్మ కొడుకు తల ఒళ్లో పెట్టుకుని అడిగింది.

"మూడు మునుగుళ్లయినయా బిడ్డా?"

మామ కళ్లు తెరవకుండానే, "ముప్పై అయినయే అవ్వా," అన్నాడు.

అమ్మమ్మ అక్కడే ఆకాశం వైపు తిరిగి దండం పెట్టింది. మొక్కు తీరిపోయింది, పైగా ఇరవై ఏడు మిగులు.

కేకలు విని చేపలు పట్టే పల్లెకారు పెద్దాయన ఒకడు పరుగెత్తుకొచ్చాడు. మమ్మల్ని, తాడును, అన్నను చూసి, చూపు మళ్లీ తాడు మీదికే తిప్పుకున్నాడు.

"పాయ నోట్లో దిగారేంటమ్మా! ఆటు తీసేటప్పుడు నీళ్లన్నీ ఇటే లాగుతాయి. అందుకే ఇక్కడెవరూ దిగరు. ఒడ్డుకి ఎదురీదితే చచ్చినా రాలేరు. పక్కకి పాతిక బారలేస్తే మోకాటిలోతులో ఇసుక మేట ఉంది, నిలబడొచ్చు."

"ఏ పక్కకు?" అన్నాడు మామ నీరసంగా.

"కుడి పక్కకండీ."

మామ మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఆయనకు ఎడమవైపు తిరగడమే వచ్చు.

ఆ గొడవంతా సద్దుమణిగాక అమ్మ అక్క దగ్గరికి వచ్చింది. అక్క తలవంచుకుని, నడుము చుట్టూ తాడు ముడి విప్పుకోలేక తంటాలు పడుతోంది. తడిసిన ముడి బిగుసుకుపోయింది.

"నీకు ఈత ఎట్ల వచ్చిందే?"

అక్క ముడి మీదికి ఇంకా వంగింది. మామ ఇంకాస్త మూర్ఛపోయాడు. నేను దూరంగా గవ్వలు ఏరడంలో మునిగిపోయాను.

అమ్మ కింద కూర్చుని పంటితో ఆ ముడి విప్పింది. "ఇంటికి పోయినంక చెప్త నీ సంగతి," అంది. ఇంటికి వెళ్లాం. ఆ సంగతి ఆమె చెప్పలేదు. రైల్లో అక్క తల తన భుజానికి ఆనించుకుని వరంగల్లు దాకా అలాగే కూర్చుంది. ఆ వేసవిలో ఒక రోజు చీకటితోనే లేచి, "బట్టలు పిండుకొస్త," అని అక్కను వెంటపెట్టుకుని మోటబావికి బయలుదేరింది. నేను వెనకే వెళ్లి చూశాను. పిండటానికి ఆమె చేతిలో ఒక్క బట్ట కూడా లేదు. గట్టు మీద నా చోట్లో తాను కూర్చుంది. మర్నాడు పక్కింటి ఆడపిల్లలు ఇద్దరు కూడా వచ్చారు. అట్లా నా కాపలా కొలువు ఊడింది, బెల్లం కూడా బంద్ అయింది.

మామ మళ్లీ బావిలో దిగడానికి ఆరు నెలలు పట్టింది. దిగాక పద్ధతి మార్చాడు. నడి బావిలో నిలువీత వేయించి, వంద లెక్కపెట్టే దాకా ఎవర్నీ గోడ ముట్టనిచ్చేవాడు కాదు. కుడివైపుకు తిరగడం కూడా నేర్పాడు. పిల్లలు ఎందుకని అడిగితే, "మా అవ్వ మల్ల ఏదన్న మొక్కుకుంటే?" అనేవాడు. ఎంతమందికి నేర్పినా అక్కను మాత్రం ఎన్నడూ గాడిదా అనలేదు. ఆమె పెళ్లికి జంపఖానా తానే నేసిచ్చాడు. నీలం, తెలుపు చారలు. ఇదేం నమూనా అని అడిగితే, "నీళ్లు," అన్నాడు.

ఇప్పుడు ఆ మనుషులెవరూ లేరు. మగ్గాల దబదబ కూడా చాలా వరకు ఆగిపోయింది. ఎవరన్నా పోయారా అని బయటికొచ్చి అడిగేవాళ్లు లేరు. అక్క అందరికంటే చివర పోయింది. ఆమె మంచం పట్టిన రోజుల్లో ఒకసారి పక్కన కూర్చుని, ఇన్నేళ్లుగా అడగాలనుకున్నది అడిగాను.

"అక్కా, ఆ దినం నీళ్లల్లకు పోయేటప్పుడు ఏమనుకున్నవే?"

తల నా వైపు తిప్పింది. ఏదో గొప్ప మాట రాబోతోందని నేను ముందుకు వంగాను.

"ఏమనుకున్ననో యాదికి లేదురా. కని సముద్రంల తడ్సిన బట్టలను మంచినీళ్లల్ల రెండుసార్లు జాడియ్యాలె. నేను ఒక్కసారే జాడిచ్చిన. నెల దినాలు ఉప్పుకు నడుం ఒరుసుకపోయింది."